లాగితే బిగిసే బురద

మా జట్టుకి లాగడం తప్ప ఇంకో విద్య రాదు. హుగ్లీ ఒడ్డున ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో బస్తాలైనా దుంగలైనా, ఆఖరికి యూనియన్ ఆఫీసు ముందు దిగబడ్డ లారీ అయినా, గవరయ్య సర్దారు ‘ఐలెస్సా’ అంటే చాలు, పదిమందిమి ఒక్క ఊపున లాగేస్తాం. అది మా సిక్కోలు వాళ్ల గర్వం. ఆ గర్వమే మా అన్న ప్రాణం మీదికి తెచ్చింది.

భాద్రపద అమావాస్య మర్నాడు నది బాగా వెనక్కి తగ్గింది. పడవ మీంచి జారిపోయిన బస్తా కొక్కెం కోసం మా అన్న బైరాగి బురదలోకి దిగి, తొడల దాకా కూరుకుపోయాడు. ఘాట్ మెట్లకి ఇరవై అడుగులైనా ఉండదు. మొదట అందరం నవ్వాం. అంతలో గట్టు మీద పోలీసు మైకు అరిచింది. అరగంటలో బాన్ వస్తుంది, పడవలన్నీ నడి నదికి పోవాలని. బాన్ అంటే సముద్రప్పోటు హుగ్లీలోకి గోడలా లేచి రావడం. ఇక ఎవరూ నవ్వలేదు.

అన్న చంకల కింద తాడు కట్టాం. గవరయ్య కేక పెట్టాడు, లాగాం.

“నడుం తెగిపోతందిరా!” అని అరిచాడు అన్న.

మళ్లీ లాగాం. అంగుళం కదల్లేదు. మేం గుంజే కొద్దీ బురద సిమెంటులా పట్టేసింది. అన్న కాళ్లు తన్నుకుంటే ఇంకో జానెడు దిగాడు.

ఎవరో చెప్పగా మా వదిన సింహాచలమ్మ పరిగెత్తుకొచ్చింది. ఘాట్ పక్కనే వాట్‌గంజ్‌లో ఒక లాండ్రీలో బట్టలకి గంజి పెట్టే పని ఆమెది. మోచేతుల దాకా పిండి ఇంకా తెల్లగా ఉంది.

“ఆపండి సర్దారూ, లాగితే బిగిసిపోద్ది” అంది. “ఆరారోట్ పిండి నీల్లల్లో కలిపి గబుక్కున తిప్పితే కర్ర ఇరిగిపోద్ది. నిమ్మదిగా తిప్పితే పాలలాగ తిరుగుద్ది. ఇదీ అలాటిదే.”

“నీ గంజికీ గంగకీ ఏటే సంబందం? టయిం నేదు” అన్నాడు గవరయ్య.

ఆమె పడవ చెక్కలు బురద మీద పరిచి, బకెట్టు నీళ్లతో బోర్లా పాకుతూ పోయింది.

“సోములూ, తాడు బిగువుగా అట్టుకో. లాగకు. మీ అన్న కిందకి జారకుండా సూడు, సాలు” అంది నాతో.

అన్న తొడ పక్కన వెదురు కర్ర దించి, సందులో నీళ్లు పోస్తూ మెల్లగా తిప్పసాగింది. “కాలు అటూ ఇటూ ఆడించు మావా. తొందర పడకు.” అన్న పళ్లు టకటకలాడుతున్నాయి. నాకు ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తాడేమో అని ప్రాణం పీకింది. ఎంతసేపటికో కుడికాలు బయటికి వచ్చింది.

అప్పుడు వినిపించింది ఆ హోరు. మెట్ల మీద జనం “బాన్ ఆశ్‌ఛే”, వచ్చేస్తోందని అరిచారు. జట్టంతా పైకి పరిగెత్తింది.

నేనూ పరిగెత్తాను. తాడు ఎప్పుడు జారిందో తెలియదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. వేళ్లు విప్పింది నేనే.

పై మెట్టు మీంచి వెనక్కి చూశాను. వదిన నది వైపు తల తిప్పలేదు. ఆమె చెయ్యి మొదట ఎంత నెమ్మదిగా తిరిగిందో అప్పుడూ అంతే నెమ్మదిగా తిరుగుతోంది. అంత భయం నేను ఇంకెప్పుడూ పడలేదు. ఎడమకాలు వచ్చింది. ఇద్దరూ చెక్కల మీద పాకి మెట్టు అందుకునేసరికి కెరటం ఆ చెక్కల్ని ఎత్తుకుపోయింది. గవరయ్య దిగి వాళ్ల చేతులు దొరకబుచ్చుకున్నాడు.

అన్న చాలాసేపు దగ్గాడు. తర్వాత అడిగాడు. “ఆకర్న తాడెవులు అట్టుకున్నారే?”

వదిన నా వైపు చూసింది. “నీ తమ్ముడే” అంది.

అన్న బురద చెయ్యి నా భుజం మీద వేసి ఏడ్చాడు. ఆ చెయ్యి తీసెయ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు.