మైకు సరిచూసేటప్పటి మాటలు

దేవకృప గొంతును జెరెమియా చెరిపేశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

చర్చిలో ఒకరిద్దరు వాదించబోయారు. "సిస్టర్ గారు చదివినవన్నీ వాట్సాప్ గ్రూపులో అలాగే ఉన్నాయి కదా బ్రదర్" అన్నారు. ఉన్నాయి. మంచం పట్టినవాళ్ళ కోసం, కళ్ళు ఆననివాళ్ళ కోసం ఆవిడ పొద్దుటిపూట చదివిన బైబిలు వాక్యభాగాలన్నీ ఉన్నాయి. ఆవిడ భర్త జీవరాజుకు కావలసింది అవి కాదు.

కరోనా రోజుల్లో చర్చి మూసేసినప్పుడు మొదలైన పని అది. దేవకృప బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఉచ్చారణ బాగుంటుందని పాస్టరుగారు ఆవిణ్ణి అడిగారు. చర్చి తెరిచాక కూడా ముసలివాళ్ళు మానెయ్యనివ్వలేదు. అల్వాల్‌లో ఇంటి వెనక గదిలో కూతురు క్యారల్ వదిలేసిన కంప్యూటరు ఉంది. దానికి మైకు, ఒక హెడ్‌ఫోను తగిలించి ఇచ్చినవాడు జెరెమియా. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, సౌండు పని చూస్తాడు.

మొదట్లో ఒకసారి, కీర్తనలన్నిటిలోకీ పొడుగైనదాన్ని ఆవిడ ఏకబిగిన చదివింది. తీరా చూస్తే కంప్యూటరు, ఎదురుగా ఉన్న మైకును వదిలేసి, తన లోపలి మైకుతో వింది. ఫ్యాను గోల తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ మొదటినుంచీ చదివింది పాపం. ఆ రోజునుంచి చదివేముందు మైకు సరిచూడాలని జెరెమియా నియమం పెట్టాడు.

హెడ్‌ఫోను ఒక్కటే కాబట్టి అది జీవరాజు చెవులకు. మైకు దేవకృప ముందు. తెరమీద పచ్చగీత లేస్తుంది. ఎర్రబడితే ఆయన అరచెయ్యి కిందికి దించాలి. చాలకపోతే పైకెత్తాలి. సరిపోతే తల ఊపాలి. నోరు మాత్రం విప్పకూడదు, విప్పితే ఆ మాట కూడా రికార్డయిపోతుంది.

చర్చిలో ఎవరు మైకు పట్టుకున్నా వేలితో తట్టి "హల్లెలూయ, హల్లెలూయ" అని చూస్తారు. దేవకృపకు అది గిట్టదు. "వైరు పనిచేస్తోందో లేదో చూడ్డానికి దేవుణ్ణి పిలుస్తారా? పక్కింటాయన్నైనా అలా పిలిచి, వస్తే ఏం లేదు పొమ్మంటామా?" అనేది. అందుకని ఆవిడ ఇంటి సంగతులతో మైకు సరిచూసేది. ఆయన పేరుతో మొదలుపెట్టేది.

పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. ఏవండీ అంటే ఏవండీ. బంధువుల్లో చెప్పాల్సివస్తే క్యారల్ వాళ్ళ నాన్న. ఆ మైకు ముందు మాత్రం కళ్ళద్దాల పైనుంచి చూసి, నవ్వు ఆపుకుంటూ మొదలుపెట్టేది.

"జీవరాజుగారూ! వినిపిస్తోందా? బోయిన్‌పల్లి మార్కెట్టుదాకా వెళ్ళి పుచ్చు వంకాయలే ఏరి తెచ్చారు. అంత పనితనం ఎక్కడ నేర్చుకున్నారు? తల కాదు, చెయ్యి చూపించండి."

"జీవరాజుగారూ! మీరిప్పుడు ఎదురు చెప్పలేరు కాబట్టి చెప్తున్నాను. ఆ గళ్ళ చొక్కా పారెయ్యండి. మిమ్మల్ని చూసి పాస్టరమ్మగారు నామీద జాలిపడుతోంది."

ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినవాడు. కోనసీమలో ఊరి బళ్ళో అయిదు చదివి ఆపేశాడు. ఎవరైనా మాటంటే పడే రకం కాదు. అక్కడ మాత్రం చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని బుద్ధిగా పడేవాడు. మర్నాటికి ఏమంటుందోనని ఎదురుచూసేవాడు కూడా.

చదివినదంతా జెరెమియాకు వెళ్ళేది. అతను ముందున్న ముచ్చట్లు కోసేసి, చదువు మాత్రం గ్రూపులో పెట్టేవాడు. "పంపినంక కంప్యూటర్ల ఉంచకు ఆంటీ, జాగా నిండుతది" అని కూడా చెప్పాడు. ఆవిడ చెప్పినమాట వినే మనిషి. ఉంచలేదు.

నిరుడు వానల్లో జ్వరమని ఆస్పత్రికి వెళ్ళి, దేవకృప మరి ఇంటికి రాలేదు.

ఏడాది స్మారక కూడిక దగ్గరపడింది. అమ్మ గొంతు అందరికీ వినిపిద్దామని క్యారల్ ఫోనులో ఒక రికార్డింగు పెట్టింది. జీవరాజు కడదాకా విన్నాడు.

"ఇది మీ అమ్మ కాదు" అన్నాడు.

"అదేంటి నాన్నా, అమ్మ కాకపోతే ఎవరు?"

"ఇది పంతులమ్మ. పిల్లకాయలు కిక్కురుమనకుండా కూర్చోవాలని చదివే గొంతు. మీ అమ్మ దీనికి ముందుంటుంది."

"ముందేముంటుంది? మైకు టెస్టింగే కదా?"

ఈ వయసులో, చచ్చిపోయిన పెళ్ళాం నోట తన పేరొక్కసారి వినాలనుందని కూతురితో ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? మర్నాడు అన్నం తినగానే బస్సెక్కి సికింద్రాబాద్ వెళ్ళాడు.

రెజిమెంటల్ బజార్‌లో చర్చి వెనక జెరెమియా గది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత తివాచీలు కొట్టాడు. ఉక్క.

"వందనాలు అంకుల్! గింత ఎండల ఏందీ? ఫోన్ కొడితే నేనే వస్తుంటి గదా."

"మీ ఆంటీ రికార్డింగులు కావాలి. కోసినవి కాదు, కొయ్యకముందువి."

జెరెమియా మెడ రుద్దుకున్నాడు. "అవి లేవంకుల్. కట్ చేసినంక ఒరిజినల్ డిలీట్ కొడ్త."

"ఒక్కటైనా?"

"ఉంచితే ఈ కంప్యూటర్ ఎప్పుడో జామ్ అయ్యేది. షురూల ఆంటీ అన్నీ మాట్లాడ్తుండె గదా... వంకాయలు, చొక్కాలు, మీ గురక. గవి గ్రూపుల పెడ్తమా? నేను సుత మస్తు నవ్వుకునేటోణ్ణి."

"అయితే విన్నావన్నమాట."

"అన్నీ విన్న అంకుల్."

"విని, నవ్వుకుని, పారేశావు."

ముసలాయన్ని నవ్విద్దామనుకున్నాడు కాబోలు, జెరెమియా గొంతు సన్నం చేసి, "జీవరాజుగారూ అని గిట్ల..." అనబోయాడు.

"నువ్వనకు" అన్నాడు జీవరాజు.

జెరెమియా కంప్యూటరువైపు తిరిగి వెతకడం మొదలుపెట్టాడు. లేవని తెలిసీ వెతికాడు. ఎదురుగా కూర్చున్న మనిషి కదిలేలా లేడు మరి. కాసేపటికి ఒకచోట ఆగాడు.

"ఇవొక్కటే ఉన్నయ్ అంకుల్. గానీ ఇందుల మాటలుండయ్."

"మరేముంది?"

"మీ ఇంట్ల ఫ్యాను చప్పుడు తీసెయ్యాలంటే, ఉత్త ఫ్యాను ఎట్లుంటదో కంప్యూటర్‌కు ముందుగాల వినిపియ్యాలె. గందుకే రికార్డు నొక్కినంక జెరసేపు నిమ్మలంగ ఉండుమని ఆంటీకి చెప్పిన. ఆంటీ మాట్లాడక ముందటి ముక్క అది. దినానికో తీరుంటది గదా చప్పుడు, గందుకే అన్నీ తీసి పక్కన పెట్టుకున్న."

"మాట పారేసి చప్పుడు దాచావు."

"పనికొచ్చేది గదే అంకుల్..." అని నాలుక కరుచుకున్నాడు జెరెమియా.

జీవరాజు హెడ్‌ఫోను అందుకుని తానే పెట్టుకున్నాడు.

ఫ్యాను టకటకమంది. ఎడమ రెక్క వంగిన ఫ్యాను, ఆ శబ్దం ఆయనకు తెలుసు. వీధిలో ఉల్లిగడ్డల ఆటోవాడి కేక సన్నగా వినిపించి వెళ్ళిపోయింది. కుర్చీ కిర్రుమంది. కళ్ళద్దాల డబ్బా మూసిన చప్పుడు. తర్వాత దగ్గరగా, చెవిలోనే అన్నంత దగ్గరగా, దేవకృప ఊపిరి పీల్చింది. మాట్లాడబోయేముందు పీల్చే ఊపిరి. ఆయన ముందుకు వంగాడు. అక్కడితో ఆగిపోయింది.

"ఇంకోటి పెట్టు."

ఇంకోదానిలో వాన. ఇంకోదానిలో కుక్కరు కూత. ఒకదానిలో తన దగ్గే ఖంగుమంది, వెనకాలే ఆవిడ నవ్వు ముక్కులోనే అణిచిన సవ్వడి. అన్నీ ఆ ఊపిరి దగ్గరికే వచ్చి తెగిపోయాయి. జెరెమియా పనిమంతుడు. ఒక్కదానిలోనూ అక్షరమ్ముక్క జారనివ్వలేదు.

జీవరాజు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం చూసి జెరెమియా పరేషాన్ అయ్యాడు.

"అంకుల్, ఒక పని చేస్తా. ఇప్పుడు ఏఐ ఉంది. ఆంటీ చదివినయ్ ఇన్ని ఉన్నయ్ గదా, గవి వినిపిస్తే గొంతు నేర్చుకుంటది. మనం ఏం టైప్ చేస్తే గది ఆంటీ గొంతుల అంటది. చెయ్యాల్నా?"

వద్దనాల్సింది. జీవరాజు వద్దనలేదు. గోడమీద తివాచీని చూస్తూ కూర్చున్నాడు. పక్క దుకాణం నుంచి జెరెమియా చాయ్ తెప్పించాడు. అది తాకకుండానే చల్లారింది. తెరమీద ఏవో తిరిగాయి. ఏం టైప్ చెయ్యాలో జెరెమియా అడగలేదు. అతనికి తెలుసు.

"జీవరాజుగారూ" అంది యంత్రం.

గొంతు ఆవిడదే. అందులో అబద్ధం లేదు. ప్రతి అక్షరం విడివిడిగా, శుద్ధంగా, బైబిల్లో వంశావళి చదివేటప్పుడు వంద పేర్ల మధ్య ఒక పేరు పలికినట్టు పలికింది. అందులో కళ్ళద్దాల పైనుంచి చూపు లేదు. నవ్వు ఆపుకోవడం లేదు. ఆ తర్వాత తిట్టబోయేదేమీ లేదు. చదవడం తప్ప మరేమీ వినని యంత్రం అంతకంటే ఎలా పిలుస్తుంది?

"సేమ్ ఆంటీ లెక్కనే గదా అంకుల్?"

"తీసెయ్యి."

"జెర సాఫ్ట్‌గ చెయ్యొచ్చు, ఒక్క నిమిషం..."

"తీసెయ్యడం నీకు కొత్తేం కాదుగా. తీసెయ్యి."

జెరెమియా తీసేశాడు. మాటల్లేని ముక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి రెండు చేతులతో ఇచ్చాడు. అతని కళ్ళు కూడా ఎర్రబడ్డాయి. చెడ్డవాడేం కాదు. ఆ సంగతి జీవరాజుకు తెలుసు. దానివల్ల ఒరిగేదేమీ లేదు.

"తప్పయింది అంకుల్. మాఫ్ చేసినా అని ఒక్క మాట అనుండ్రి. ఎన్నిసార్లు క్షమించాల్నో ఆంటీయే చదివింది గదా."

"మీ ఆంటీ చదివింది. నేను చదవలేదు" అని జీవరాజు చెప్పులేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి క్యారల్ వచ్చి ఉంది. జెరెమియా అప్పటికే ఫోను చేసినట్టున్నాడు, ఆమె కంగారుగా ఎదురొచ్చింది.

"ఆ అన్న ఏడుస్తున్నాడు నాన్నా. కావాలని చేశాడా ఏంటి? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

జీవరాజు కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"సరే, అది వదిలెయ్. నీక్కావలసింది దొరికిందా?"

"దొరికినంత దొరికింది."

"ఏది, నన్నూ విననీ."

"నువ్వు వింటే ఫ్యాను చప్పుడే."

క్యారల్ పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకోబోయి మానేసింది. "మరి కూడికలో ఏం పెట్టమంటావు?"

"ఆ చదివినదే పెట్టు. జనానికి అది చాలు."

"ఆ రోజు నువ్వు కూడా అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలి నాన్నా. జెరెమియా అన్నే మైకు చూసుకుంటాడు. మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందని అందరూ అడుగుతారు..."

"అడగనీ" అన్నాడు జీవరాజు. "అతన్ని క్షమించానని నేను చెప్పను. ఆ మైకు ముందు చెప్పను, ఇంట్లో చెప్పను, నీతోనూ చెప్పను. ఇవాళ్టితో ఆ మాట అయిపోయింది. మళ్ళీ నా దగ్గర ఎత్తావంటే లేచి వెళ్ళిపోతాను."