వెంకటేశప్ప ఇంట్లో బండి తోక

కెలవరపల్లి డ్యాంలో నీళ్లు ఎండిన ఏళ్లు ఉన్నాయి కానీ, తిమ్మరాజు మోటారుసైకిల్ వెనక సీటు ఖాళీగా పోయిన సంత లేదు. వారం వారం కృష్ణగిరి దాటి పోచంపల్లి సంతకు ముందర తిమ్మరాజు, వెనక వెంకటేశప్ప. కొనేది ఒక్క కోడిపుంజు, బేరం చేసేది సంతలో ఉన్న కోళ్లన్నిటినీ. వెంకటేశప్ప కూర్చుని కూర్చుని ఆ సీటులో పడిన గుంటలో వాన నీళ్లు నిలిస్తే పిచ్చుకలు స్నానం చేసేవి. నమ్మకపోతే మానండి, ఒకసారి కొంగ కూడా వచ్చి చేప ఏదైనా ఉందేమోనని చూసిపోయింది.

వెంకటేశప్పకు బండి నడపడం రాదు. నేర్చుకోమంటే, "ముందర మావాడు ఉండాడు కదా" అనేవాడు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి వాళ్ల స్నేహం అట్లాంటిది. పొలానికైనా పట్టా ఏదీ అని అడిగేవాళ్లు ఉంటారు గానీ, ఆ సీటు ఎవరిదని ఊళ్లో అడిగినవాళ్లు లేరు.

అలాంటి సీటు మీద ఒక సంత రోజు పొద్దున్నే ధనశేఖర్ కూర్చుని పోతున్నాడు. ధనశేఖర్ హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరై, ఊరి చివర కొత్తగా ఇల్లు కట్టుకున్న మనిషి. వెనక కూర్చునేవాడు కూడా హెల్మెట్ పెట్టుకోవాలన్న రూలును ఆ ఊళ్లో పాటించిన మొదటివాడు. తన గులాబీ తోటలో గడ్డి పీకుతున్న వెంకటేశప్ప వాళ్లను చూశాడు. ఆ తర్వాత గడ్డికి బదులు గులాబీ చెట్టే పీకాడు.

ఇంటికి వచ్చి భార్య అలివేలమ్మతో అన్నాడు. "చూసినావామే? తిమ్మరాజు ఆ గుమ్మడికాయను ఎక్కించుకొని పోతాండాడు."

"ఏ గుమ్మడికాయ?"

"అదే, తెల్ల హెల్మెట్టు. సీటు మీద కూర్చునే ముందర చేతిగుడ్డతో తుడిచినాడంట. నేను కూర్చున్న చోటు తుడుస్తాడా?"

"నువ్వు కూర్చున్న చోటు నేనూ తుడుస్తాను. దానికేమి ఇప్పుడు?"

"నీకు తెలీదులే."

"నాకు తెలీకేమి? నీ కడుపు మంటకు ఈ పొద్దు పొయ్యి కూడా వెలిగించనక్కర్లేదు" అంది అలివేలమ్మ.

ఎందుకు తనను పిలవలేదని వెంకటేశప్ప తిమ్మరాజును అడగలేదు. అడిగితే చులకన. మళ్లీ సంత వచ్చింది, మళ్లీ ధనశేఖరే పోయాడు. ఈసారి తిమ్మరాజు చెయ్యి గాలిలో తిప్పుతూ ఏదో కత చెబుతున్నాడు, వెనక హెల్మెట్ మెడ విరిగేలా ఊగుతోంది. వెంకటేశప్పకు అన్నం సయించలేదు. రాగిముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. ఆలోచించగా ఒకటి తట్టింది. తనకు సీటు ఎట్లాగూ లేదు. వాడికి మాత్రం ఎందుకుండాలి?

మరునాడు టీ కొట్టు దగ్గర తిమ్మరాజు బండి చుట్టూ తిరిగి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా చూశాడు.

"ఏమిరా, కొత్తగా చూస్తాండావు?" అన్నాడు తిమ్మరాజు.

"ఏం లేదప్పా. ముందర చూస్తే గుర్రం మాదిరి ఉంది. వెనక చూస్తే ఈనబోయే గేదె. ఇంత తోక ఇప్పుడు ఎవురు పెట్టుకుంటారు? హోసూరులో చూడు, అందరూ కోయించేసుకుంటాండారు. ఒంటి సీటు, పొట్టి మడ్గార్డు. నీ తలకు రంగేసుకుంటావు కదా, బండికి మాత్రం ఎందుకప్పా ముసలితనం?"

తలకు రంగు విషయం ఊళ్లో అందరికీ తెలుసు, కానీ ఎవరూ ఎత్తరు. తిమ్మరాజు అద్దంలో ఒకసారి మీసం చూసుకున్నాడు. అంతే, పని అయిపోయింది.

హోసూరులో మెకానిక్కు గోపీచంద్ ముందే చెప్పాడు. "అప్పా, చట్టం ప్రకారం కంపెనీ చేసిన బండి రూపం మార్చకూడదు. ఏదన్నా మార్చాలంటే ఆర్‌టీఓ ఆఫీసులో పర్మిషన్ తీసుకొని ఆర్సీలో రాయించాల. ఇన్సూరెన్సోళ్లకూ చెప్పాల."

"మన బండి, మన తోక. మనం కోసుకుంటే ఎవురికేమప్పా?" అన్నాడు వెంకటేశప్ప.

"బండి ఆయనది కదా, నువ్వెందుకు తొందరపడతాండావు?"

"స్నేహం" అన్నాడు వెంకటేశప్ప.

మిషను గీమని అరిచింది. పొడుగు సీటు పోయింది, వెనక ఫ్రేము పోయింది. వెనక కూర్చునేవాడు పట్టుకునే కమ్మీ, కాళ్లు పెట్టుకునే కడ్డీలు, చక్రంలో చీర చిక్కుకోకుండా ఉండే చీర గార్డు, పెద్ద ఎర్ర లైటు, దాని కింద మెరిసే రిఫ్లెక్టరు, అన్నీ పోయాయి. వాటి స్థానంలో మిణుగురు పురుగంత లైటు ఒకటి, ఆకాశం చూస్తున్న నంబరు ప్లేటు ఒకటి మిగిలాయి. తిమ్మరాజు బండెక్కి పోతుంటే వెనక నుంచి చూసినవాళ్లకు చక్రం మీద మనిషి కూర్చుని పోతున్నట్టు ఉండేది.

గోపీచంద్ ఆ తెగిన తోకను పాత ఇనుము కుప్పలోకి విసరబోతే వెంకటేశప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. ఎందుకో ఆయనకే తెలియదు. గోనెసంచిలో చుట్టి, బస్సులో టికెట్టు కూడా తీసి, ఇంటికి తెచ్చుకున్నాడు. పశువుల కొట్టం పక్కన సిమెంటు ఇటుకలు పేర్చి, తోకను వాటి మీద నిలబెట్టాడు. సాయంత్రం దాని మీద కూర్చుని అనపకాయలు వలిచేవాడు. పోచంపల్లి దారి తలుచుకుంటే మలుపు వచ్చినప్పుడల్లా ఒళ్లు పక్కకు ఒరిగేది.

"యాడ దాకా వచ్చినావు?" అని అరిచేది వంటింట్లో నుంచి అలివేలమ్మ.

"కృష్ణగిరి."

"వచ్చేటప్పుడు కొత్తిమీర తే."

ఆ వారాలు వెంకటేశప్పకు హాయిగానే గడిచాయి. ధనశేఖర్ హెల్మెట్ చేతిలో పట్టుకుని బస్టాపులో నిలబడటం చూస్తే కడుపు నిండేది. అంతలో ఒకరోజు శూలగిరి దాటాక చీకటి పడేవేళ తిమ్మరాజు బండిని ఒక వ్యాను వెనక నుంచి గుద్దింది. పక్కన పోతున్న చెరుకు లోడు మీదికి ఎగిరిపడి, చెరుకు గడ నమలుకుంటూ లేచాడని తిమ్మరాజు తర్వాత చెప్పాడు. నిజానికి పడింది గడ్డిలో. కాలు వాచింది. బండి వెనక చక్రం అప్పడంలా వంగిపోయింది. "లైటు కనబడితే కదా నేను ఆపేది!" అని వ్యాను డ్రైవరే ఎదురు అరిచాడు.

తిమ్మరాజు ధీమాగానే ఉన్నాడు. ఏటేటా ఫుల్ ఇన్సూరెన్సు కట్టినవాడు కదా. కంపెనీ పంపిన సర్వేయరు గోపీచంద్ షెడ్డుకు వచ్చి, బండి చుట్టూ తిరిగి, ఆర్సీ చూసి, మళ్లీ బండి చూశాడు.

"సార్, ఇందులో సీట్లు రెండు అని ఉంది. రెండోది యాడ?"

"కోయించేసినాను."

"పర్మిషను?"

"నా బండి కదా సార్."

"బండి మీదే సార్. కానీ మేం ఇన్సూరెన్సు చేసింది తోక ఉన్న బండికి. ఇది వేరే బండి. పెద్ద లైటు, రిఫ్లెక్టరు తీసేసినాక వెనక నుంచి గుద్దినాడంటే, మార్పు వల్లనే అని కంపెనీ రాస్తుంది. మీ రిపేరు క్లెయిము కష్టం. మీరే ఎవురినన్నా గుద్దింటే, వాళ్లకు కంపెనీ ఇచ్చేసి ఆమేల ఆ డబ్బు కోసం మీ మీదికి వచ్చినా వస్తుంది."

దాని వెనకే పోలీసుల కాగితం వచ్చింది. బండిని మొదటి రూపానికి తెచ్చి ఆర్‌టీఓ ఆఫీసు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గోపీచంద్ తల గోక్కున్నాడు. "ఈ మోడలు ఆగిపోయి ఎంత కాలమైందో అప్పా. కొత్త తోక దొరకదు. పాతది ఉంటే అతికిస్తాను. అది వెంకటేశప్ప ఎత్తుకుపోయినాడు కదా?"

కుంటుకుంటూ తిమ్మరాజు వచ్చేసరికి వెంకటేశప్ప తోక మీదే కూర్చుని ఉన్నాడు. దిగడానికి కూడా వీలు లేకపోయింది, ఒళ్లో అనపకాయల చేట ఉంది.

"మెకానిక్కు షాపులో నేను వదిలేసిన తోకను ఎవురో స్నేహితుడు ఎత్తుకొచ్చినాడంట" అన్నాడు తిమ్మరాజు.

"ఎత్తుకురాలేదు. టికెట్టు తీసి తెచ్చినాను."

"ఇచ్చేయిరా. లేకుంటే బండి ఇనుము కొట్టుకు పోతుంది."

వెంకటేశప్ప చేటలోని కాయలు కలిపాడు. "ఇస్తే మళ్లీ ఆ హెల్మెట్టు ఎక్కుతుంది."

అప్పుడు అర్థమైంది తిమ్మరాజుకు, తన బండికి ముసలితనం ఎందుకు వచ్చిందో. నవ్వాలో కొట్టాలో తెలియక పక్కన మిగిలిన ఇటుకల మీద కూర్చున్నాడు. "దీనికా కోయిస్తివి? పాపీ!"

"నన్ను దించేసి ఆయప్పను ఎందుకు ఎక్కించుకుంటివి? అది చెప్పు ముందర."

"చెప్తే ఏడుస్తావు."

"ఏడవను."

"చిరుత కత ఉంది కదా. అంచెట్టి ఘాట్లో చిరుత ఎగిరొచ్చి నా వెనక సీటు మీద కూర్చునింది, దాన్ని టీ కొట్టు దాకా తెచ్చి దించినాను. ఆ కత ఎవురికి చెప్పినా నువ్వేమంటావు?"

"ఆ పొద్దు వెనక నేనే కదా కూర్చునుండింది, చిరుత యాడ కూర్చుంటుంది, అంటాను. నిజమే కదప్పా!"

"చూసినావా! ఇన్నేండ్లుగా ఆ చిరుతను నా సీటు మీద కూర్చోనియ్యవు. ధనశేఖర్ అయితే 'ఆమేల? ఆమేల?' అని తర్వాతేమైందో అడుగుతాడు. ఒకసారి చిరుత గుర్రు పెట్టి నిద్రపోయిందంటే కూడా 'అయ్యో పాపం' అన్నాడు."

అలివేలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. వెంకటేశప్ప చేట పక్కన పెట్టి, తోక మీద నుంచి దిగి, దాని మీద రాలిన తొక్కలు చేత్తో తుడిచాడు. గోనెసంచి తెచ్చాడు.

తోక అతుక్కుంది. వంగిన చక్రానికి కంపెనీ ఏమీ ఇవ్వలేదు, అది తిమ్మరాజు నెత్తినే పడింది. ఇన్‌స్పెక్టరుకు బండి చూపించే రోజు వెంకటేశప్ప వచ్చాడు, బస్సులో ధనశేఖర్ కూడా వచ్చాడు. ఇన్‌స్పెక్టరు కమ్మీ లాగి చూశాడు, లైటు వెలిగించి చూశాడు, చీర గార్డు తట్టాడు. "సరే, పోండి. ఇంకోసారి కత్తి పెట్టారంటే బండి మర్చిపోండి" అన్నాడు.

బయట టీ తాగుతుంటే ధనశేఖర్ అడిగాడు. "తిమ్మరాజప్పా, ఆ చిరుత కత మొదటి నుంచి చెప్పవా?"

తిమ్మరాజు వెంకటేశప్ప వైపు ఓరగా చూసి మొదలుపెట్టాడు. అంచెట్టి అడవి వచ్చింది, మలుపు వచ్చింది, గుట్ట మీద కండ్లు మెరిశాయి. చిరుత ఎగిరింది. గాలిలో ఉన్న చిరుతను అట్లాగే ఉంచి తిమ్మరాజు ఆగాడు. వెంకటేశప్ప నోరు తెరిచి, మూసి, గ్లాసులో మిగిలిన టీ తాగాడు.

"అవునప్పా" అన్నాడు ధనశేఖర్‌తో. "నేనే సాక్షి. నేను రవంత ముందుకు జరిగి చోటిచ్చినాను. అది నా వెనకాల కూర్చునింది."

ధనశేఖర్ కండ్లు పెద్దవి చేశాడు. "అట్లయితే ముగ్గురు! ఆర్సీలో ఉండేది రెండు సీట్లే కదా, ఇన్సూరెన్సు ఒప్పుకుంటుందా?"

"దాని మీసాలు చూసి ఏ పోలీసూ ఆపలేదులే" అన్నాడు వెంకటేశప్ప.

తిమ్మరాజు అప్పటికే బండి ఎక్కి కిక్కు కొట్టాడు. వెనక్కి తిరగకుండానే, "ఎక్కరా!" అన్నాడు. ఎవరిని ఎక్కమన్నదీ చెప్పలేదు. ధనశేఖర్ హెల్మెట్ అందుకునే లోపలే వెంకటేశప్ప తన గుంటలో తను సర్దుకున్నాడు. బండి కదిలాక తల తిప్పి చూశాడు. బస్టాపు దగ్గర తెల్లగా ఉన్న ఆ హెల్మెట్ గుమ్మడికాయంత నుంచి నిమ్మకాయంత, నిమ్మకాయంత నుంచి ఆవగింజంత అయ్యేదాకా మెడ తిప్పుకోలేదు.