ఆపద కోసం ఉంచిన జీపు

నేను ఒక డీజిల్ జీపును. చూడ్డానికి మొరటుగా కనిపిస్తాను గానీ లోపల మహా పిరికిదాన్ని. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే మా ఇంటివాళ్లు నన్ను ధైర్యం కోసం తెచ్చిపెట్టుకున్నారు.

నేను తయారైన రోజుల్లో బండికి ఇంజను, నాలుగు చక్రాలు, తోలేవాడికి కాస్త బుర్ర ఉంటే చాలనుకునేవారు. ఇప్పటి బండ్లలో ఉండే కంప్యూటరు నా ఒంట్లో ఎక్కడా లేదు. మొదట ఒక సర్కారు ఆఫీసులో చేరి పదకొండేళ్లు అధికారులను కాలువ గట్ల మీద తిప్పాను. ఎండకు నా నీడలో నిలబడే నన్ను తిట్టేవారు. తర్వాత ఒక సర్వీసు జీపువాడి చేతిలో పడ్డాను. తొమ్మిది మంది పట్టే చోట ఇరవై ఇద్దరిని ఎక్కించి, ఇంకొక్కరు సర్దుకోండి అనేవాడు మహానుభావుడు. భయపడటానికి కూడా తీరిక లేని రోజులవి. చివరికి పాత ఇనుము కొట్టు వెనక టైర్లు ఊడదీసి ఇటుకల మీద కూర్చోబెట్టారు. నా పక్కనున్న వ్యానును గ్యాసు మంటతో ముక్కలుగా కోస్తుంటే రోజంతా చూశాను. భయమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. మర్నాడు నా వంతు అనగా లోహిదాసు వచ్చాడు.

లోహిదాసుది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి చెట్లు, కాస్త జీడితోట ఉన్నాయి. మూత్రపిండాలు మాత్రం పాడైపోయాయి. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, పట్నం ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ మీద పడుకోవాలి. అంతకు ముందు తుఫానులో అతని కొత్త కారు నీళ్లలో తడిసి కదలనని మొరాయించింది. అద్దం ముందు పసుపు దీపం ఒకటి మిణుకుమిణుకుమంటూ కూర్చుంది. మెకానిక్కు వచ్చి, కంప్యూటరు తగిలించి చూస్తే గానీ జబ్బేమిటో చెప్పలేనన్నాడు. ఆ కంప్యూటరుకు కరెంటు కావాలి. కరెంటు స్తంభాలన్నీ పొలాల్లో పడుకుని ఉన్నాయి. ఒక డయాలసిస్ తప్పిపోయి లోహిదాసు చావు అంచుదాకా వెళ్లి వచ్చాడు. కోలుకోగానే కారు అమ్మేసి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నన్ను కొన్నది అతని భయమే అనాలి.

నాకు చేసిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. బ్యాటరీ చచ్చినా దొర్లించి స్టార్టు చేసుకోవచ్చని ఇంటి ముందు ఏటవాలులో, ముఖం రోడ్డు వైపు ఉండేలా షెడ్డు వేశాడు. అదనంగా బెల్టు, ఫిల్టర్లు, రబ్బరు గొట్టాలు గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టాడు. ప్రతి శుక్రవారం పొద్దున్నే చక్రాల కింద రాళ్లు తీసి, నన్ను కిందికి దొర్లించి, పావుగంట ఇంజను ఆడించి, వెనక్కి ఎక్కించేవాడు. ఊళ్లోవాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అతని చిన్నాన్న కొడుకు జోగారావు. అతనికి క్లచ్ లేని సరికొత్త కారు ఉంది.

నన్ను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు లోహిదాసు. అతని భార్య హైమావతి అరుగు మీద కూర్చుని జీడిపప్పుకు తొక్క తీస్తూ ఈ తంతంతా చూస్తూ ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"మావా, నాకూ నేర్పకూడదేటి ఇది తోల్డం?"

"నీకెందుకే. నానున్నాను కదా" అని స్టీరింగు తుడుచుకున్నాడు.

నాకు ఆ క్షణాన కొత్త భయం పట్టుకుంది. ఎవరి ప్రాణం కోసం నన్ను ఉంచారో, నన్ను తోలడం అతనొక్కడికే వచ్చు. ఆయాసంతో కూలబడ్డ మనిషి బండెలా తోలతాడు? అంత ముందుచూపున్నవాడికి ఈ ఒక్కటీ ఎందుకు తట్టలేదా అని చాలా రోజులు ఆలోచించాను. తట్టే ఉంటుంది. తాను తోలలేని రోజు గురించి తలుచుకోవడమే ఇష్టం లేకపోయి ఉంటుంది. స్పేరు టైరు ఉంది, స్పేరు బెల్టు ఉంది, స్పేరు డ్రైవరు మాత్రం లేకుండానే ఎనిమిదేళ్లు గడిచాయి.

నా భయం ఇంకొకటి ఉంది. ఎడమ వెనక చక్రం దగ్గర బ్రేకు ఆయిలు కారుతోంది. మొదటిసారి తొక్కితే పెడలు అడుగుదాకా దిగిపోతుంది. రెండోసారి తొక్కితేనే పట్టు దొరుకుతుంది. లోహిదాసుకు అలవాటైపోయి ఎప్పుడూ రెండుసార్లు తొక్కేవాడు. వచ్చే శుక్రవారం బాగుచేద్దాం అని ప్రతి శుక్రవారం అనుకునేవాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం మళ్లీ తుఫాను గాలి మొదలైంది. షెడ్డు రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. కొబ్బరి చెట్లు మొదలంటా విరిగి పడుతుంటే నేల అదిరేది. గురువారం డయాలసిస్ తప్పిపోయింది. రోడ్డు మీద చెట్లు, ఫోన్లు పలకవు, అంబులెన్సు వచ్చే దారి లేదు. శుక్రవారం కూడా వాన వదల్లేదు. శనివారం తెల్లవారేసరికి లోహిదాసు కాళ్లు, ముఖం ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జోగారావు కారు సీట్ల దాకా తడిసి, పసుపు దీపం వెలిగించుకుని కూర్చుంది. జోగారావు నా దగ్గరకొచ్చి మూడు పెడళ్లకేసి చూసి తల దించుకున్నాడు.

"ఒలే హైమా," అన్నాడు లోహిదాసు రొప్పుతూ, "నువ్వే తోలాల."

"నా వల్ల కాదు మావా."

"ఎనిమిదేళ్లు సూసినావు కదే."

"సూడ్డం ఏరు, తోల్డం ఏరు. గెడ్డ నీళ్లలో పడితే ఇద్దరం పోతాం."

"ఇక్కడుంటే నాను ఎలాగూ పోతాను."

హైమావతి లేచింది. చీర కొంగు బొడ్లో దోపుకుని వచ్చి తోలే సీట్లో కూర్చుంది. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుంది.  లోహిదాసును పక్క సీట్లో కూర్చోబెట్టి తువ్వాలుతో కట్టారు. రాళ్లు తీయగానే దొర్లడం మొదలుపెట్టాను. క్లచ్ తొక్కి రెండో గేరు వెయ్యమన్నాడు, వేసింది. కాలు తియ్యమన్నాడు, తీసింది. ఒక్క కుదుపుతో నా ఇంజను అందుకుంది. జోగారావు, మరో ఇద్దరు గొడ్డళ్లతో ముందు నడుస్తూ కొమ్మలు నరికి దారి చేశారు. చెట్లు తక్కువైన చోట వెనక ఎక్కారు. గేర్లు మార్చినప్పుడల్లా నా పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. నొప్పి నాకు లెక్క కాలేదు. లోహిదాసు మాటల మధ్య ఎడం పెరుగుతోంది, అదే నా దిగులు.

గెడ్డ, అంటే వాగు, దగ్గర రోడ్డు పల్లానికి దిగుతుంది. కింద కాజ్‌వే అనే పల్లపు వంతెన మీంచి ఎర్ర నీళ్లు పారుతున్నాయి.

"బేకు..." అన్నాడు లోహిదాసు. తర్వాత మాట రాలేదు. తల తలుపు మీదికి వాలిపోయింది.

హైమావతి బ్రేకు తొక్కింది. పెడలు అడుగుదాకా దిగిపోయింది. నేను ఆగలేదు. నీళ్లు దగ్గరకొస్తున్నాయి. అరవడానికి నాకు నోరు లేదు, ఉన్న హారను నా చేతిలో లేదు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడామె కాలు తీసి మళ్లీ తొక్కింది. నీటి అంచున ఆగాను. ఆమెకు ఎవరు చెప్పారు? శుక్రవారం శుక్రవారం నన్ను కిందికి దొర్లించినప్పుడు నా వెనక ఎర్ర దీపం రెండుసార్లు వెలగడం అరుగు మీంచి చూసి ఉంటుంది. మరొక కారణం నాకు తోచడం లేదు.

జోగారావు కర్ర పొడుస్తూ ముందు దిగాడు. నీళ్లు అతని తొడల దాకా వచ్చాయి. నేను వెనకే వెళ్లాను. నీళ్లు గడప దాటి లోపలికొచ్చి లోహిదాసు పాదాల చుట్టూ తిరిగాయి. తడిస్తే పాడైపోయే తెలివితేటలు నాకు లేవు కాబట్టి అవతలి గట్టు ఎక్కాను. హైమావతి ఒక్కసారి కూడా పక్కకు చూడలేదు. చూస్తే తోలలేనని ఆమెకు తెలుసు.

ఆసుపత్రిలో జనరేటరు ఆడుతోంది. మనుషులు పరుగెత్తుకొచ్చి లోహిదాసును స్ట్రెచరు మీద తీసుకుపోయారు. హైమావతి తాళం తిప్పి, చెవి లాగేసుకుని వెనకే పరుగెత్తింది.

నేను ఆగలేదు. మా కాలం డీజిల్ బండ్ల ఇంజను తాళం తిప్పితే ఆగదు. స్టీరింగు కింద కుడి పక్కన, వైర్ల చాటున నల్ల బొడిపె ఒకటి ఉంటుంది. దాన్ని లాగితే ఇంజనుకు డీజిల్ అందక ఆగిపోతుంది. వాచ్‌మన్ వచ్చి చూశాడు. కారు డ్రైవర్లు ఇద్దరు వచ్చి బానెట్టు ఎత్తి, చూసి, మళ్లీ మూసేశారు. పాతకాలం డ్రైవరు ఒక్కడున్నా ఆపేవాడు. జోగారావు లోపలికి వెళ్లడానికి ధైర్యం చాలక గొడ్డలి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నేను అలా ఆడుతూనే ఉన్నాను. పొద్దు నడినెత్తికి వచ్చి వాలింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వచ్చేవాళ్ల ముఖాలు చూశాను. ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. హైమావతి కాదు.

సాయంత్రం నాలుగవుతుండగా ఆమె వచ్చింది. ముఖంలో ఏమీ తెలియలేదు. జోగారావు లేచి, "వదినా, అన్నియ్య..." అని ఆగిపోయాడు. ఆమె నేరుగా నా దగ్గరకొచ్చి, తోలే సీట్లో కూర్చుంది. స్టీరింగు కింద కుడి పక్కన చెయ్యి పెట్టింది. ఎవరో చెప్పిన గుర్తు వెతుకుతున్నట్టు వైర్లు తడుముతూ తడుముతూ వెళ్లిన వేళ్లు బొడిపె మీద ఆగాయి. లాగింది.

ఇంజను ఆగి, చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అప్పుడామె జోగారావు వైపు తిరిగింది.

"కళ్లు తెరిసి ముందు ఏటడిగాడో తెల్సా? బండాపినావేటే, అని."