చుక్కలున్న పేరు

పాత రేడియో గొంతులన్నీ దాచిన ఆ భవనంలో మధ్యాహ్నమైతే చాలు, గదులన్నీ నీళ్ళలో మునిగినట్టు ఉండేవి. తివాచీ అడుగుల చప్పుడు మింగేసేది. కిటికీలోంచి పడిన ఎండ నేలమీద బద్ధకంగా జరిగేది. అలాంటి చోట కునుకు రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ, వస్తే తప్పేమిటి? అయినా అక్కడ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే అమ్మాయికి అందరూ కలిసి ‘నిద్రమొహం’ అని పేరు పెట్టేశారు. పాపం, ఆమె నిద్రపోయేది కాదు. కళ్ళు తెరుచుకునే ఉండి కలలు కనేది.

కొంతకాలంగా ఆ కలల నిండా అక్షరాలే. అక్కడికి వచ్చినవాళ్ళు తమకు కావలసిన మనిషి పేరు కంప్యూటర్లో కొడితే, హెడ్‌ఫోన్లలో ఆ గొంతు వినబడాలి. పరభాషల పేర్లతోనే వచ్చింది తంటా. దాచినవాళ్ళు పెద్ద అక్షరాల్లో రాశారు, జనం చిన్న అక్షరాల్లో కొడతారు. అలాంటివారెవరూ లేరని కంప్యూటర్ మొహమ్మీదే చెప్పేసేది. మన అక్షరాల్లో పెద్దా చిన్నా అన్న పేచీయే లేదు కదా, ఆమెకు ఈ తేడా మొదటినుంచీ వింతగానే తోచేది. అందుకే పోల్చేముందు అన్నిటినీ చిన్నవి చేసేసింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. చెయ్యి ఊరుకోలేదు. కొన్ని అక్షరాల నెత్తిన చుక్కలో గీతలో ఉంటాయి. అవి ఒట్టి నగల్లాంటివేలే అనుకుని వాటినీ ఒలిచేసింది. ఇక ఎవరేం కొట్టినా ఏదో ఒక గొంతు పలకసాగింది. పై అధికారి మెచ్చుకున్నాడు. నిద్రమొహం గాల్లో తేలిపోయింది.

అలా తేలుతుండగానే ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడకు వినికిడి తగ్గిపోతోంది, వచ్చే చలికాలానికి పూర్తిగా పోతుందని డాక్టరు తేల్చేశాడట. చనిపోయిన భర్త గొంతు ఈలోగా ఒక్కసారి వినాలి. ఆయన వేరే దేశం నుంచి వచ్చి, రేడియోలో వాతావరణం చదివినవాడు. నిద్రమొహం ఆవిడను లోపలి గదిలో కూర్చోబెట్టి, పేరు కొట్టి, శబ్దం బాగా పెంచి, తలుపు చేరవేసి వచ్చింది.

కాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. మొహంలో కళ లేదు.

“దొరికారా బామ్మగారూ?” అని గట్టిగా అడిగింది నిద్రమొహం.

“దొరికాడు తల్లీ. నేనే పోల్చుకోలేకపోయాను. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు పరాయివాడిదిలా వినబడింది. చెవులు పోతే పోయాయి, బుర్ర కూడా పోయిందన్నమాట.”

ఆవిడ చేతిసంచీ తీసుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది. నిద్రమొహానికి మనసు కలుక్కుమంది. లోపలికెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎవరో ధాన్యం ధరలు చదువుతున్నాడు. వాతావరణం ఊసే లేదు. తెరమీది పేరు చూసింది, అక్షరాల మీద చుక్కల్లేవు. పేరులో చుక్కలున్నాయన వేరే ఉన్నాడు. తను ఇద్దరినీ ఒకటి చేసేస్తే, కంప్యూటర్ తనకు మొదట కంటబడినవాణ్ణి పట్టుకొచ్చింది.

ఆమె పరుగెత్తింది. బస్టాపులో ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“తప్పు మీది కాదు, నాది!”

“ఏంటీ?”

“ఆయన మీ ఆయన కాదు! వేరే ఆయన!”

బస్టాపంతా నోరెళ్ళబెట్టి చూసింది. ముసలావిడ మాత్రం లేచి ఆమె వెంట నడిచింది.

నిద్రమొహం పెద్దా చిన్నా చూడకపోవడం అలాగే ఉంచి, చుక్కలు ఒలిచే ముక్కను మాత్రం తీసేసింది. చుక్కలతో సహా పేరు మళ్ళీ కొట్టింది. రెండో హెడ్‌ఫోన్లు తను పెట్టుకుంది. ఈసారీ పోల్చుకోలేకపోతే? అప్పుడు తప్పు నాదని చెప్పడానికి కూడా ఉండదు.

కాస్త బొంగురు గొంతు, యాస కలిసిన మాట, తీరిగ్గా మొదలైంది. రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వాన జాడ ఉండదు.

ముసలావిడ కళ్ళు మూసుకుని ఉంది. మొహంలో ఏ కదలికా లేదు. ఎండ ఆవిడ ఒళ్ళోంచి నేలమీదికి జారింది.

“అబద్ధాలకోరు!” ముసలావిడ ఒక్కసారిగా అరిచింది. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. “నీ మాట నమ్మి దుప్పట్లన్నీ ఆరేశాను. తడిసి ముద్దయ్యాయి. ఇంటికి రా, చెప్తా నీ పని!”