కృపమ్మ కొన్న బోళం

ముగ్గురు రాజుల పండుగ వచ్చిందంటే కాజీపేట చర్చి పిల్లలకు కృపమ్మే దర్జీ, కృపమ్మే డైరెక్టరు. కిరీటాలకు బంగారు కాగితం అంటించేదీ ఆమే, గొర్రె వేషం వేయనని మొరాయించేవాడి చెవి పట్టేదీ ఆమే. "దూరదేశం జ్ఞానులు చుక్కను చూసుకుంట ఎందుకొచ్చిండ్రురా? దేవుడు తన బిడ్డను మనోళ్లకే కాదు, పరాయోళ్లకు గుడ సూపెట్టిండు. గదే సాక్షాత్కారం" అని ఏటా చెబుతుంది. చెప్పడం బ్రహ్మాండంగా చెబుతుంది. చేసేది చూడాలి మరి.

ఎందుకంటే, ఆమె ఇంట్లోనే ఒక బిడ్డ దాగి ఉంది. కొడుకు జాన్సన్ రైలింజన్ నడుపుతాడు. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగక, అతనూ కోడలు కీర్తనా శిశుగృహ నుంచి చట్టప్రకారం ఒక ఆడపిల్లను తెచ్చుకున్నారు. ఇంకా మెడ కూడా నిలపని పసిగుడ్డు. తెచ్చిన పూటే కృపమ్మ ఆ పిల్ల నవ్వుకు పడిపోయింది. కానీ నలుగురి నోళ్లంటే ఆమెకు భయం. ఎవరి పిల్ల, ఏ కులం, కన్నతల్లి ఎందుకు వదిలేసింది అని అడిగితే ఏం చెప్పాలి? అందుకే తలుపులు మూసింది. పాప ఏడిస్తే టీవీ సౌండు పెంచుతుంది. కృపమ్మకు చెవుడొచ్చిందని వీధివాళ్లు జాలిపడుతున్నారు, పాపం.

కీర్తన ఓర్చుకుంది, ఓర్చుకుంది, పండుగ ముందురోజు మాత్రం అనేసింది. "మరియమ్మ గొల్లలొచ్చినా సూపెట్టింది, రాజులొచ్చినా సూపెట్టింది అత్తమ్మా. మనమే దొంగసొమ్ము లెక్క దాస్తానం. రేపు చర్చిల పూజకు పాపను తీస్కపోదాం."

"జర ఆగు బిడ్డా. ఇంకో నెల పోనీ."

"నెల పోతే మీకు ధైర్యమొస్తదా?"

కృపమ్మ సంచి అందుకుంది. జవాబు దొరకనప్పుడు బజారుకు పోవడం ఆమె అలవాటు. పని కూడా ఉంది. నాటకంలో రాజులు తెచ్చే కానుకల్లో బంగారానికి గాజుల పెట్టె ఉంది, సాంబ్రాణి ఇంట్లోనే ఉంది. మూడోది బోళం, ముదురు రంగు చెట్టుబంక. దానికి బదులు ఇన్నాళ్లూ నల్లబెల్లం ముక్క పెట్టేవారు, దాన్ని మూడో రాజు స్టేజీ ఎక్కకముందే తినేసేవాడు. ఈసారి అసలు బోళమే పెట్టమన్నారు ఫాదర్.

నయీముద్దీన్ మూలికల దుకాణంలో "అన్నా, జర బోళం కట్టియ్యి" అంది. ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, ముసిముసిగా నవ్వి, పొట్లంలో సొంఠి కూడా వేసి ఇచ్చాడు. తన దగ్గు కోసమే అనుకుంది పిచ్చితల్లి. మన దగ్గర ఆడవాళ్లు బోళం కొనేది బాలింతకు పెట్టడానికే. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు, బుర్ర నిండా బెత్లెహేమే మరి.

దీపాలు పెట్టే వేళకు నయీముద్దీన్ భార్య తాహెరా బేగం వచ్చి తలుపు తట్టింది. రంజాన్ సేమియా అటునుంచి ఇటు, క్రిస్మస్ కేకు ఇటునుంచి అటు నడిచే ఇళ్లు అవి. ఆమె చేతిలో పసిపిల్లల స్వెటరు ఉంది.

"ఇంట్ల బాలింత ఉన్నదట గద వదినె. మాకు చెప్పొద్దా? బోళం కొన్నవని మా ఆయన చెప్పిండు."

కృపమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అది నాటకానికి వదినె. పిల్లల నాటకంల రాజులు తెస్తరు" అంది. నిజం చెబుతూ అంత పెద్ద అబద్ధం ఆడటం ఆమెకు అదే మొదలు.

తాహెరా ముఖం చిన్నబోయింది. "అట్లనా. నేనేదో అనుకున్న. ఏమనుకోకు వదినె" అని స్వెటరు శాలువ చాటున పెట్టుకుని వెనుదిరిగింది.

వంటింటి గుమ్మంలో కీర్తన నిలబడి ఉంది. తోముతున్న అంట్లు వదిలి వచ్చింది. కృపమ్మ ఆ కళ్లలోకి చూడలేకపోయింది. బిడ్డను చూడటానికి మనిషి ఇంటిదాకా వస్తే, నాయనమ్మ అయ్యుండి తానే తరిమేస్తోంది. ఆమెకు సిగ్గేసింది.

"వదినె, ఆగు" అంది. లోపలికి పోయి పాపను ఎత్తుకొచ్చి తాహెరా చేతుల్లో పెట్టింది. "నా మనవరాలు. మా కీర్తన కనలేదు, తెచ్చుకున్నం. ఎవల పోలికని మాత్రం అడగకు, నాకు తెల్వదు."

తాహెరా పాపను లైటు వైపు తిప్పి తీరిగ్గా చూసింది. "పోలికకేం ఫికర్? నీ ఒళ్లె పెరిగితె నీ లెక్కనే లొల్లి పెడ్తది" అంది. పాపను మళ్లీ నాయనమ్మకిచ్చి, కీర్తన తడిచేతుల వైపు చూసి కసిరింది. "గిదేంది, ఈ చలిల అంట్లు తోముతానవా? ఇటురా."

తన భుజాల మీది శాలువ తీసి కీర్తన తలచుట్టూ, రెండు చెవులూ మూసేలా బిగించి, గడ్డం కింద ముడేసింది. "పసిబిడ్డ తల్లివి. చెవులల్లకు గాలి పోవద్దు" అంది.

ఆ కట్టు బాలింతలకు కట్టేది. చుట్టాల ఇళ్లలో ఎందరి తలలకో కీర్తన దాన్ని చూసి వచ్చింది, చూసిన ప్రతిసారీ ఇంటికొచ్చి ఏడ్చింది. ఇప్పుడు నిలబడ్డచోటే నవ్వుతూ ఏడ్చేసింది.

పాప వచ్చిన నాటి నుంచి కోడలిని ఒక్కపూట కూడా కూర్చోబెట్టలేదని కృపమ్మకు అప్పుడు తెలిసింది. పాపను కీర్తన చేతుల్లో పెట్టి, కొంగు బిగించి, అంట్ల ముందు తాను కూర్చుంది.

"లోపలికి పోయి పండుకో బిడ్డా. బాలింతవు, చల్లనీళ్లు ముట్టొద్దు" అంది. "రేపు పూజకు పాపను నేనెత్తుకుంట."