ఏడో బకెట్

అప్పటికి పదకొండేళ్లుగా ఆ దీవిలో నేల తవ్వి బకెట్లు పాతుతున్నాను. వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఇంట్లోవాళ్లు మాత్రం నవ్వడం ఎప్పుడో మానేశారు. ఈ తిప్పలన్నీ ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని ఒక చుంచెలుక వాటిలో పడుతుందేమోనని. బొటనవేలంత ఉంటుంది. అప్పటికి మ్యూజియం సీసాలో ఉన్నది ఒక్కటే, అదీ ఎనభై ఏళ్లనాటిది. ఆ నెలాఖరులోగా బతికున్నది కనిపించకపోతే "అంతరించింది" అని రాసి, అడవి కొట్టడానికి అనుమతి ఇచ్చేస్తామన్నారు అటవీశాఖవాళ్లు.

అంతకు ముందు ఏడాది నేను పంపిన ఫొటో చూసి ఆ శాఖ అధికారి, "పళ్లు చూస్తేగానీ తేలదమ్మా, ఇది మామూలు చుంచే అయ్యుంటుంది" అని కొట్టిపారేశాడు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

మంగళవారం పొద్దున్నే ఏడో బకెట్లో అది దొరికింది. ముక్కు ఆడిస్తూ బకెట్ గోడ ఎక్కబోతోంది. నేను ఏడ్చేశాను. నాతోపాటు బకెట్లు పాతే బాబాయి కూడా కళ్లు తుడుచుకున్నాడు. గుడిసెకు తెచ్చి డబ్బాలో పెట్టి తూచాం, ఫొటోలు తీశాం, అధికారికి ఫోన్ చేశాం.

"ఇక వదిలెయ్యమ్మా," అన్నాడు బాబాయి.

"ఆగు బాబాయ్. ఈసారి ఆయన కళ్లారా చూడాల్సిందే. రెండు గంటల్లో పడవ వచ్చేస్తుంది."

"గంటలోపు వదలాలని గుడిసె గోడ మీద రాసింది నువ్వేగా?"

"నా రూలు నాకే చెబుతావా?" అని కసిరాను.

పడవ చెప్పిన వేళకు రాలేదు. చుంచుకు గంటగంటకూ తిండి పడాలి, లేకపోతే ప్రాణం నిలవదు. రోజంతటికీ సరిపోతాయనుకున్న పురుగులు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఎండకు నేల బండబారింది. బాబాయి చెంచాతో తవ్వి తవ్వి రెండే వానపాములు తెచ్చాడు. అది రెండూ మింగేసి, ఇంకేమైనా ఉందేమోనని డబ్బా మూలలన్నీ వాసన చూసింది. అప్పుడైనా వదలాల్సింది. అంతలో ఇంజను చప్పుడు వినిపించింది.

అధికారి గుడిసె మెట్లెక్కి వచ్చేసరికి అది పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన దాని నోరు తెరిచి పళ్లు చూసి, "అదేనమ్మా! ఇక ఎవరూ కాదనలేరు," అని పొంగిపోయాడు. తర్వాత కోసి చూశాడు. కడుపులో మూడు పిల్లలు.

అడవి మిగిలింది. ఆ తర్వాత ఆరేళ్లు బకెట్లు చూస్తూనే ఉన్నాం. ఆకులు, చీమలు తప్ప ఏమీ పడలేదు.

మ్యూజియంలో ఇప్పుడు రెండు సీసాలు. మొదటిదాని చీటీ మీద పట్టినవాళ్ల పేరు చెరిగిపోయింది. రెండోదాని మీద నా పేరు స్పష్టంగా ఉంది.