సూది గదిలో తొమ్మిదేళ్లు

కెప్టెన్ ఆంబ్రోస్ లడ్లో ఆ దీవికి మూడేళ్ల పని మీద వచ్చాడు. వచ్చి తొమ్మిదేళ్లయింది.

ఫిరంగి దళంలో కుర్ర లెఫ్టినెంటుగా ఉన్నప్పుడు, దిక్సూచి ముల్లు ఉదయానికీ మధ్యాహ్నానికీ వెంట్రుకవాసి పక్కకు జరుగుతోందని గమనించి, నాలుగు పేజీల వ్యాసం రాశాడు. అదే అతని కొంప ముంచింది. భూమి అయస్కాంత శక్తిని ప్రపంచమంతటా ఏకకాలంలో కొలవాలని లండన్ పండితులు తలపెట్టి, ఇలాంటి వాటిమీద ఆసక్తి ఉన్న అధికారి కావాలని సైన్యాన్ని అడిగారు. సైన్యం అతని పేరు చెప్పి చేతులు దులుపుకుంది. అప్పుడు మాత్రం అతను ఎగిరి గంతేశాడు.

దీవిలో కొండ మీద ఒక రాతి గది కట్టారు. ఇనుము పనికిరాదని తలుపు బందుల నుంచి మేకుల దాకా అన్నీ రాగివే వాడారు. లోపల పట్టుదారానికి వేలాడే సూది. గంటగంటకూ కాస్త ఎడంగా నిలబడి, చిన్న దూరదర్శినిలోంచి గీతల కొలబద్ద చూసి, అది ఎంత జరిగిందో పుస్తకంలో ఎక్కించాలి. కెప్టెన్, సార్జెంట్ గాఫ్నీ, ఇద్దరు సిపాయిలు వంతులు వేసుకునేవారు. అతని భార్య హారియెట్ ఒకే ఒక్కసారి ఆ గదిలో అడుగుపెట్టింది. ఆమె నడుం బిగించే లోదుస్తులోని ఉక్కు పట్టీలకు సూది చలించింది. "కాస్త బయట ఉంటావా?" అన్నాడతను మర్యాదగానే. ఆమె మళ్ళీ అటు వెళ్ళలేదు.

అతనితో చదువుకున్నవాళ్లు క్రిమియా యుద్ధానికి వెళ్లారు. కొందరు మేజర్లయ్యారు, కొందరు అక్కడే మట్టిలో కలిశారు. ఇతను మూడేళ్లకోసారి బదిలీ కోరేవాడు. ఇంత తెంపు లేని లెక్కలు మరెక్కడా లేవు, ఇంకో మూడేళ్లు కొనసాగించండి అని జవాబొచ్చేది. పదాతి దళంలోనైతే డబ్బిచ్చి కొన్న పదవిని తిరిగి అమ్ముకుని ఇంటికి పోవచ్చు. ఫిరంగి దళంలో ఆ దారీ లేదు.

ఆ సెప్టెంబరు ఓడలో లండన్ నుంచి ఒక పట్టిక వచ్చింది. ఏప్రిల్ పదకొండు మధ్యాహ్నం అయస్కాంత తుఫాను రేగి, ఆరు గంటలపాటు ప్రపంచంలోని సూదులన్నీ పిచ్చెక్కినట్టు ఊగాయట. లడ్లో తన పుస్తకం తెరిచాడు. ఆ ఆరు గంటల అంకెలూ బుద్ధిమంతుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. పక్కన గాఫ్నీ సంతకం.

గాఫ్నీ ఐర్లండువాడు, యాభై దాటినవాడు, అతనితో ఒకే ఓడలో వచ్చినవాడు. పుస్తకం చూపించగానే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ వేళ ఎక్కడున్నావు?"

"ఇంట్లో సార్. మా ఆవిడకి నొప్పులొచ్చాయి. మంత్రసానేమో కొండకవతల. ముందు రోజు అంకెలే అటూ ఇటూ చేసి రాసేశాను."

"ఆ ఒక్క రోజేనా?"

"నిజం చెప్పమంటారా?"

"చెప్పు."

"ఈ తొమ్మిదేళ్లలో ఓ ఇరవైసార్లుంటుంది సార్. జ్వరమొచ్చినప్పుడు, కాలు బెణికినప్పుడు. అది ఎప్పుడు చూసినా ఒక్కలాగే ఉంటుంది కదా. సరిగ్గా నేను లేని రోజే దానికి పూనకమొస్తుందని నేనేం కలగన్నానా?"

లడ్లో తిట్టబోయి ఆగి, పుస్తకం మూశాడు. కోపం అడుగున ఏదో ఆశ కదిలింది. లండన్‌కు ఉన్నదున్నట్టు రాస్తే లెక్కలు చెడిపోయాయని గది మూసేస్తారు. తిరిగి రమ్మంటారు.

భోజనాల దగ్గర ఉప్పు మాంసం కోస్తూ ఆ మాటే భార్యతో అన్నాడు.

"గాఫ్నీ బతుకు ఏం కాను?" అంది హారియెట్.

"వాడి పేరు రాయను. పైవాణ్ణి నేను, చూసుకోకపోవడం నా తప్పే. తలవంపులే, కానీ ఇల్లు చేరతాం."

"తలవంపులైతే ఏమిటి? పిల్లకి ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంతవరకు మంచు పడటం చూడలేదు. రాయండి."

అయిదు నెలలకు జవాబు వచ్చింది. కెప్టెన్ నిజాయితీ ఎంతో మెచ్చదగినది. అనుమానమున్న అంకెలను సరిచూడాలి కనుక మరో మూడేళ్లు కొనసాగాలి. పగటి అంకెలన్నీ అతనే స్వయంగా తీయాలి. మేజర్ హోదా ఇస్తున్నాము.

హారియెట్ ఉత్తరం చదివి బల్ల మీద పెట్టింది. "రాజీనామా చెయ్యండి."

"ఇరవై చోట్ల చిల్లులు పడ్డ లెక్క అది. ఎలా వదిలేసి రాను?"

"వాళ్లే మిమ్మల్ని కట్టేశారనుకున్నాను ఇన్నాళ్లూ," అని ఆమె లేచి, కూతురి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

ఓడ బయల్దేరే రోజు కొండ దిగువన రేవులో పడవ సిద్ధంగా ఉంది. పదకొండు కావస్తోంది. "వెళ్ళి సాగనంపి రండి సార్," అన్నాడు గాఫ్నీ. "ఈ ఒక్కటీ నేను చూస్తాను. ఒట్టు, చూసే రాస్తాను."

లడ్లో సూది గది గుమ్మంలో నిలబడి రేవు వైపు చూశాడు. పడవలో కూతురు తల పైకెత్తి కొండంతా వెతుకుతోంది. అతను చెయ్యి ఊపాడు. అంత దూరానికి ఆ పిల్లకు కనబడిందో లేదో తెలియలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, దూరదర్శినికి కన్ను ఆనించాడు. కన్ను చెమర్చి గీతలు అలుక్కుపోయాయి. రెండుసార్లు తుడుచుకున్నాక గానీ అంకె తెలియలేదు. రాశాడు.

ఆ మూడేళ్లు తర్వాత ఐదయ్యాయి.